నిశితాక్షి పట్టిన జబ్బు

జిల్లా పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగమంటే మెట్ల కింద ఒక గది, ఆ గదిలో డాక్టర్ కృపావతి, ఆవిడకు ఎదురుగా ఒక కుర్చీ. రోగి వెంట వచ్చినవాళ్లు నిలబడే ఉండాలి. ఫోన్లో ఆటలకు అలవాటుపడి చదువులూ కొలువులూ పాడుచేసుకున్న వాళ్లను ఇంట్లోవాళ్లు రెక్క పట్టుకుని లాక్కొస్తే, ఆవిడ ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడేది. మళ్లీ రమ్మనేది. వస్తే మళ్లీ మాట్లాడేది. అలా కొందరు బాగుపడుతూ ఉండేవారు. ఈ పద్ధతిలో శాస్త్రీయత బొత్తిగా లేదని సూపరింటెండెంట్ చక్రధరరావు గారు చాలాకాలంగా మథనపడుతూ ఉండేవారు.

ఆయన మథనం ఫలించింది. ఆటల వ్యసనాన్ని మనిషి ముఖం చూసి కనిపెట్టే యంత్రం మీద పరిశోధన జరపడానికి తమ ఆస్పత్రిని ఎంపిక చేశారని రాజధాని నుంచి కబురొచ్చింది. కబురు వెనకే ప్రొఫెసర్ త్రివిక్రమం వచ్చాడు. ఆయన వెనక ఒక వ్యాను, వ్యాను నిండా కెమెరాలు, తెరలు, వైర్లు. యంత్రం పేరు నిశితాక్షి. ఎముకల వార్డులో కాళ్లకు కట్లతో పడుకున్నవాళ్లను మంచాలతో సహా వరండాలోకి తోసి, ఆ వార్డుకు కొత్త రంగు వేసి, 'క్రీడా వ్యసన విముక్తి పరిశోధనా కేంద్రం' అని బోర్డు తగిలించారు. కేంద్రానికి కృపావతిని బాధ్యురాలిగా వేశారు. మెట్ల కింద గదికి తాళం పడింది.

ప్రారంభోత్సవం అయ్యాక, శాలువాలు మడతపెట్టుకుంటున్న ప్రొఫెసర్‌ను ఆవిడ అడిగింది.

"ఇది జబ్బుని ఎలా పోల్చుకుంటుంది సార్?"

"చాలా తేలిక మేడమ్. ఆటలకు బానిసలైన విద్యార్థుల వీడియోలు వేలకొద్దీ చూపించాం. చూపు ఒకేచోట నిలిచిపోవడం, రెప్ప పడకపోవడం, మెడ వంగిపోవడం, వేళ్లు గబగబా ఆడుతుండటం, పేరుపెట్టి పిలిచినా పలక్కపోవడం. ఈ లక్షణాలు కనిపిస్తే ఎర్రదీపం వెలుగుతుంది. లేకపోతే పచ్చదీపం."

"మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎలా ఉంటారో కూడా చూపించాలి కదా?"

"చూపించకుండా ఎలా? ఆ విషయంలో మీ సూపరింటెండెంట్ గారి సహకారం మరువలేనిది. ఇక్కడి నెలవారీ సమీక్షా సమావేశాల వీడియోలన్నీ ఇచ్చేశారు."

కృపావతికి ఆ సమావేశాలు కళ్లముందు కదిలాయి. ఆవలింతలు, గోడ గడియారం మీది చూపులు, పక్కవాడి ప్లేట్లో జీడిపప్పు బిస్కట్ల మీది చూపులు, కునికిపాట్లు, ఎవరో దగ్గితే అందరూ అటు తిరగడం.

"అక్కడున్నవాళ్లంతా ఆరోగ్యవంతులేనని ఎవరు తేల్చారు సార్?"

ప్రొఫెసర్ ఆవిడ వైపు జాలిగా చూశాడు. "అందరూ గెజిటెడ్ అధికారులు కదా మేడమ్."

నిశితాక్షి పట్టిన మొదటి రోగి ఎర్రయ్య. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి భార్య పోలమ్మను కడుపునొప్పికి చూపించడానికి తీసుకొచ్చాడు. ఆమెను స్కానింగుకి లోపలికి పంపి, ఓపీ హాల్లో బెంచీ మీద కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. సంచిలోంచి తెగిన వల తీసి ఒళ్లో వేసుకుని బాగుచేయడం మొదలుపెట్టాడు. చూపు కన్నుల మీద నిలిచింది, వల కన్నుల మీద. మెడ వంగింది, వేళ్లు ఆడుతున్నాయి. పైన నిశితాక్షి కెమెరా పక్కనున్న స్పీకరు "అయ్యా, మీరెవరు?" అని మర్యాదగా అడిగింది. ఆయన పలకలేదు. ఎర్రదీపం వెలిగింది. ఇద్దరు వార్డుబాయిలు వచ్చి వలతో సహా ఆయన్ని ఎత్తుకుపోయారు.

కృపావతి వెళ్లేసరికి ఎర్రయ్య మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"నానేటి ఆట ఆడినాను తల్లీ? సిన్నప్పుడు గోళీలు ఆడినాను. ఆటితో సరి. మా ఇంటిదానికి కడుపునొప్పంటే తెచ్చినాను. దాన్ని సూడండి, నన్నొగ్గీండి."

ఆవిడ తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"సార్, ఆయన చేపలు పట్టే మనిషి. వల బాగుచేసుకుంటున్నాడు. అసలు ఆయనకు ఫోనే లేదు."

చక్రధరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఫోన్ లేకుండానే ఈ స్థాయిలో వ్యసనం ఉందంటే, ఫోన్ గనక ఉంటే ఆయన పరిస్థితి ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి డాక్టర్ గారూ. సరైన సమయంలో పట్టుకున్నాం. దీన్నే ముందస్తు రోగ నిర్ధారణ అంటారు."

ఆ వారంలోనే వార్డు నిండిపోయింది. గేటు దగ్గర మల్లెపూలు మాల కట్టే ఆమె వచ్చింది. ఆస్పత్రి దుప్పట్లు కుట్టే దర్జీ వచ్చాడు. సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి మలేరియా పురుగును వెతుకుతున్న ల్యాబ్ టెక్నీషియన్‌ని ఉన్నపళంగా పట్టుకొచ్చారు. ఆస్పత్రిలో ఎవరు మనసు పెట్టి పనిచేస్తున్నా దీపం ఎర్రబడుతోంది. అది కనిపెట్టిన సిబ్బంది కొద్దిరోజుల్లోనే జాగ్రత్తపడ్డారు. నర్సులు సూది గుచ్చుతూ కిటికీ వైపు చూడటం నేర్చుకున్నారు. మందులిచ్చే కౌంటరులో అబ్బాయి చీటీ చదువుతూ మధ్యమధ్య ఆవలించేవాడు. మొత్తం మీద ఆస్పత్రి ఆరోగ్యం మెరుగుపడిందని ప్రొఫెసర్ రాజధానికి రాశాడు.

అసలు రోగి ఒకడు వచ్చాడు. పేరు చిట్టిబాబు. బట్టల కొట్లో పనిచేసేవాడు, ఆటల్లో పడి పని పోగొట్టుకున్నాడు. రాత్రంతా ఫోను, పగలంతా నిద్ర. రెండేళ్ల కూతురు జ్వరంతో ఏడుస్తుంటే 'ఈ ఒక్క ఆట అయిపోనీ' అన్నాడట. భార్య సరోజిని అతన్ని బతిమాలి తీసుకొచ్చింది. చిట్టిబాబు నిశితాక్షి ముందు నిలబడి పెద్దగా ఆవలించాడు. నిద్రలేని కళ్లు నీళ్లు కారుతూ టపటపా కొట్టుకున్నాయి. చూపు దిక్కులు తిరిగింది. పచ్చదీపం వెలిగింది. 'సంపూర్ణ ఆరోగ్యవంతుడు. అభినందనలు' అని కాగితం వచ్చింది.

"ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం" అన్నారు సూపరింటెండెంట్ గారు.

సరోజిని ఆ కాగితం పట్టుకుని కృపావతి దగ్గరికొచ్చింది. "ఇది ఇంటికి పట్టుకెళ్తే ఈయన గోడకి అంటించుకుంటాడమ్మా. ఇంక నా మాట వింటాడా?"

కృపావతికి తాళం వేసిన గది గుర్తొచ్చింది. కుర్చీ కూడా లోపలే ఉండిపోయింది. చిట్టిబాబును తీసుకెళ్లి ఎర్రయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఈ తాతకు చూపు సరిగా ఆనడం లేదు. కాసేపు వల పట్టుకో" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

వల పట్టుకోవడమంటే ఊరికే పట్టుకోవడం కాదని ఎర్రయ్య దగ్గర తెలిసింది. ముడి వదులైతే తిట్టేవాడు. "ఏటిది? ఈ కంతలోంచి సేపే కాదు, పడవెల్పోద్ది." చిట్టిబాబుకు రోషం వచ్చింది. మర్నాడు తనంతట తనే వచ్చాడు, ఆ మర్నాడు కూడా. కృపావతి సాయంత్రాలు పక్కన కూర్చుని, చేతులు పనిలో ఉండగా అతనితో మాట్లాడేది. చేతులు ఖాళీగా లేనప్పుడు మనిషి నిజం చెబుతాడు. కొట్లో యజమాని అందరిముందూ అవమానించిన రోజునే ఆట మొదలైందని చెప్పాడు. కూతురి సంగతి చెబుతూ ముడి తప్పాడు. ఎర్రయ్య ఆ ఒక్కసారి తిట్టలేదు.

కొన్నాళ్లకు చిట్టిబాబు ఫోను సరోజిని చేతికిచ్చి, సగం వల అల్లేదాకా తిరిగి అడగలేదు. అప్పుడే పైనున్న కెమెరా అతన్ని చూసింది. రెప్ప పడటం లేదు, వేళ్లు ఆడుతున్నాయి. ఎర్రదీపం వెలిగింది.

కృపావతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. 'సంపూర్ణ ఆరోగ్యంతో వచ్చిన వ్యక్తి తమరి పర్యవేక్షణలో తీవ్ర వ్యసనపరుడిగా మారుటకు గల కారణములు తెలుపవలెను.' ఆవిడ నోటీసును మడిచి పర్సులో పెట్టుకుంది. చిట్టిబాబుకు మంచం దొరికింది, అది చాలు.

ఇదిలా ఉండగా, ఆడవాళ్ల వార్డులో చేర్చుకున్న పోలమ్మ స్కానింగు ఇన్నాళ్లకు చూసి సర్జన్ సింహాచలం పిత్తాశయంలో రాళ్లున్నాయని చెప్పాడు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్లలో చుట్టుపక్కల ఆయనంతటి చెయ్యి లేదు. మాట తక్కువ, కోపం లేదు, సమావేశాలకు రాడు. గురువారం చేస్తానని పోలమ్మకు చెప్పాడు.

బుధవారం నాడు ఆస్పత్రిలో ఏ మూలా నిశితాక్షి చూపుకు దూరంగా ఉండకూడదని ఉత్తర్వు రావడంతో, ఆపరేషన్ థియేటర్లో కూడా కెమెరా బిగించారు. అది తెరిచిన వేళకు సింహాచలం ఒకరికి అపెండిక్స్ తీస్తున్నాడు. కళ్లు తెర మీద నాటుకుపోయాయి. రెండు చేతుల్లో రెండు పిడులు, వేళ్లు సన్నగా కదులుతున్నాయి. ఆరంభం చూద్దామని వచ్చిన సూపరింటెండెంట్ గారు తలుపు దగ్గర నుంచి "సింహాచలం గారూ" అని పిలిచారు. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచారు. పలకలేదు. దీపం ఎర్రగా వెలగడమే కాదు, గంట కూడా మోగింది. అంత తీవ్రమైన కేసు నిశితాక్షి అప్పటిదాకా చూడలేదు.

కుట్లు వేయడం పూర్తయ్యాక సింహాచలం మాస్కు తీశాడు. "పిలిచారా సార్? రక్తనాళం పట్టుకుని ఉన్నాను."

"మీరు ఏం పట్టుకున్నారన్నది కాదు డాక్టర్ గారూ, మిమ్మల్ని ఏం పట్టుకుందన్నది ప్రశ్న" అన్నారు చక్రధరరావు గారు ఎంతో ఆర్ద్రంగా. "ఎన్నేళ్లుగా ఉందిది?"

"ఏది సార్?"

"ఇలా తెర ముందు నిలబడి పిడులు ఆడించడం."

"పదిహేనేళ్లు."

సూపరింటెండెంట్ గారు ప్రొఫెసర్ వైపు చూశారు. ప్రొఫెసర్ తల పంకించాడు. ఆ సాయంత్రమే సింహాచలానికి గీతల గౌను తొడిగి, మణికట్టుకు రోగి పట్టీ కట్టి, ఎర్రయ్యకు పక్క మంచం ఇచ్చారు. తెరలకూ పిడులకూ పూర్తిగా దూరంగా ఉంచాలని చీటీ మీద రాశారు.

గురువారం పోలమ్మకు ఆపరేషన్ జరగలేదు. శుక్రవారానికి జ్వరం వచ్చింది. శనివారానికి కళ్లు పచ్చబడ్డాయి. చెయ్యడానికి ఇంకో సర్జన్ ఉన్నాడు. నిశితాక్షి ఆయనకు ఎప్పుడు చూసినా పచ్చదీపమే ఇచ్చింది. ఆపరేషన్ మధ్యలో కిటికీలోంచి తన కొత్త కారును ఎవరైనా గీస్తున్నారేమోనని చూసుకోవడం ఆయన అలవాటు. అంతటి ఆరోగ్యవంతుడి చేతిలో పోలమ్మను పెట్టడానికి కృపావతికి మనసొప్పలేదు.

పోలమ్మకూ ఒప్పలేదు. నొప్పికి మంచం పట్టెను పట్టుకుని మెల్లగా చెప్పింది. "ఆ బాబే సెయ్యాల డాక్టరమ్మా. నా పొట్ట నొక్కి సూసినప్పుడు ఆ బాబు ఇటూ అటూ సూడనేదు. ఈ బాబు నాతో మాటాడతా గోడకేసి సూసినాడు."

కృపావతి వార్డులోకి వెళ్లింది. ఎర్రయ్య వల ముట్టుకోవడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాడు. దాంతో ఆయన మంచం పైని దీపం పచ్చగా మారింది, రాసుకోవడానికే ఎవరూ లేరు. పక్క మంచం మీద సింహాచలం తన వేళ్లను తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఇంకా ఎంతసేపు ఆగొచ్చు సార్?" అని అడిగింది.

"ఆగకూడదు. రేపు చెయ్యకపోతే లోపల చిట్లుతుంది."

ఆవిడ అక్కడే నిలబడి కాసేపు ఆలోచించింది. నిజం చెప్పి ఈ ఆస్పత్రిలో ఎవరినీ కదిలించలేమని ఇన్నాళ్లకు అర్థమైంది. సూపరింటెండెంట్ గారి భాషలోనే మాట్లాడాలి. ముఖం కడుక్కుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆయన గదికి వెళ్లింది.

"సార్, సింహాచలం గారి విషయం చాలా ఆందోళనకరంగా ఉంది. పదిహేనేళ్ల అలవాటును ఒక్కసారిగా ఆపడం వల్ల ఉపసంహరణ లక్షణాలు మొదలయ్యాయి. వేళ్లు ఊరికే కదులుతున్నాయి."

"అయ్యో. మరి శాస్త్రం ఏమంటోంది?"

"క్రమానుగత, నియంత్రిత, పర్యవేక్షిత వ్యసన క్షీణన విధానం అనుసరించాలి సార్. అంటే రోజూ కొంచెం మోతాదులో తెర, పిడులు చేతికిచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. వైద్య వాతావరణంలో. థియేటర్ అయితే శ్రేష్ఠం."

ఆ మాటలను చక్రధరరావు గారు నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు కాసేపు కళ్లు మూసుకున్నారు. "క్రమానుగత. నియంత్రిత. బాగుంది. ఇంతకుముందు ఎవరైనా చేశారా?"

"ప్రపంచంలోనే మొదటిసారి సార్."

"అయితే వెంటనే మొదలుపెట్టండి."

ఆదివారం పొద్దున్న గీతల గౌను మీద ఆపరేషన్ గౌను తొడుక్కుని, మణికట్టు పట్టీ మీద గ్లవ్స్ లాక్కుని, సింహాచలం అనే రోగి తన మోతాదు తీసుకోవడానికి థియేటర్లోకి వెళ్లాడు. బల్ల మీద పోలమ్మ ఉంది. కృపావతి చికిత్స పర్యవేక్షించే మిషతో మూల నిలబడింది. పైన దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఎవరూ దాన్ని చూడలేదు. పిత్తాశయం ఉబ్బి, పక్కవాటికి అతుక్కుపోయి ఉంది. సింహాచలం ఒక్కొక్క పొరా విడదీస్తూ వెళ్లాడు. మత్తు డాక్టరు ఒకసారి నాడి పడిపోతోందని హెచ్చరించాడు. సింహాచలం చూపు తెర మీద నుంచి కదల్లేదు. చివరికి ఆ చిన్న తిత్తి చిరగకుండా బయటికొచ్చాక, ఆయన మొదటిసారి రెప్ప వేశాడు.

బయట ఎర్రయ్య గోడకు చేరబడి నిలబడి ఉన్నాడు. "బాగుంది తాతా" అని కృపావతి బయటికొచ్చి చెప్పింది. ఆయన గోడను పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

ఇంతటితో కథ సుఖంగా ముగియాల్సిందే. కానీ ప్రొఫెసర్ త్రివిక్రమం ఈ చికిత్స మీద ఒక పరిశోధనా పత్రం రాసి రాజధానికి పంపాడు. వ్యసనపరుడు మోతాదు తీసుకుంటూ పరోపకారం కూడా చేసిన సంఘటన వైద్య చరిత్రలో లేదని అందులో రాశాడు. పై నుంచి మహా సంతోషంగా జవాబు వచ్చింది. ఆ జవాబు చదవడానికి సమావేశం పిలిచారు.

"'సదరు క్షీణన విధానమును ఏ వివక్షా లేకుండా కేంద్రంలోని రోగులందరికీ తక్షణమే వర్తింపజేయవలెను'" అని చదివి సూపరింటెండెంట్ గారు తల పైకెత్తారు. "అంటే ప్రతి రోగి చేతా రోజుకొక ఆపరేషన్ చేయించాలి. ఎర్రయ్య, దర్జీ, పూలామె, అందరి చేతా. పరికరాలకు ఇండెంటు పెట్టండి."

జవాబులో ఏముందో కృపావతి పొద్దున్నే ప్యూను నోట విని ఉంది. తను చెప్పిన అబద్ధమే ఇక్కడిదాకా నడిచొచ్చింది. అయినా లేచి నిలబడింది.

"అలాగే సార్. ఎర్రయ్య గారు సిద్ధంగా ఉన్నారు, చేతులు కూడా కడిగించాను. అయితే ఒక చిన్న సందేహం. చేయించుకునేవాళ్లు ఎవరు? బయటి రోగుల్లో ఒక్కరూ ఒప్పుకోలేదు."

"ప్రజల్లో చైతన్యం తక్కువ" అన్నాడు ప్రొఫెసర్.

"అందుకే మనం ఆదర్శంగా ఉండాలి కదా సార్. సూపరింటెండెంట్ గారికి హెర్నియా ఉందని విన్నాను. ప్రొఫెసర్ గారూ, మీకేమైనా ఉందా?"

తలుపు తెరుచుకుంది. ఎర్రయ్య తడి చేతులు ముందుకు చాపి, జంకుతూ లోపలికొచ్చాడు. అందరి ముఖాలూ చూసి దణ్ణం పెట్టబోయి, చేతులు మళ్లీ మైలపడతాయని ఆగిపోయాడు.

"ఎవుల్ని కొయ్యాల బాబూ?" అని అడిగాడు. "సేపని కోసినాను గానీ మనిసిని ఎప్పుడూ కొయ్యనేదు. పొట్టకాడేనా?"

చక్రధరరావు గారు తెలియకుండానే రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నారు. ఎర్రయ్య వైపు రెప్ప వేయకుండా చూశారు. ప్రొఫెసర్ గ్లాసులో నీళ్లు తాగాడు, ఖాళీ అయినా తాగుతూనే ఉన్నాడు.

"నిశితాక్షి ఫలితాలను సమగ్రంగా పునఃసమీక్షించగా," అన్నారు సూపరింటెండెంట్ గారు చివరికి, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, "కేంద్రంలోని రోగులందరూ చికిత్స అవసరం లేకుండానే పూర్తిగా కోలుకున్నట్టు తేలింది. ఈ సాయంత్రంలోగా అందరినీ ఇంటికి పంపవలెను. ఇది ఈ పరిశోధన సాధించిన ఘనవిజయంగా పరిగణించవలెను."

సాయంత్రం వార్డు ఖాళీ అయింది. ల్యాబ్ టెక్నీషియన్ పరుగున వెళ్లి తన సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. చిట్టిబాబు తాను అల్లిన వల భుజాన వేసుకున్నాడు. వారం వారం వచ్చి మాట్లాడి వెళ్తానన్నాడు. వస్తాడో రాడో చూడాలి. సరోజిని మాత్రం అతని ఫోను ఇంకా తన కొంగుకే ముడేసుకుని ఉంది.

పోలమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నడుస్తోంది. గేటు దాకా కృపావతి కూడా వచ్చింది. ఎర్రయ్య ఆగి, భార్యకు వినపడకుండా అడిగాడు.

"ఒక్క మాట సెప్పు తల్లీ. ఇన్నాళ్లు ఆట జబ్బని ఉంచీసినారు గదా. ఊర్లో అడుగుతారు. ఏ ఆట ఆడినానని సెప్పాల?"

కృపావతి నవ్వబోయింది, నవ్వలేకపోయింది. "ఏ ఆటైతేనేం తాతా. గెలిచి వచ్చానని చెప్పు."

ఎర్రయ్య కాసేపు ఆలోచించి, అది బాగానే ఉందనుకున్నట్టు తల ఊపి, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడ వార్డుకు తిరిగొచ్చేసరికి సింహాచలం ఒక్కడే మంచం మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. మిగతావాళ్లను పంపినంత తేలిగ్గా ఆయన్ని పంపడానికి వీల్లేదట. ప్రభుత్వోద్యోగికి జబ్బు నయమైందని మెడికల్ బోర్డు చెప్పాలి. ఈ జబ్బుకు ఇంకా బోర్డు వెయ్యలేదు. వేసేదాకా ఆయన రోగే, రోజూ థియేటర్లో మోతాదు ఇస్తూ ఉండాల్సిందే.

"నేను రాజధానికి రాస్తాను సార్. బోర్డు త్వరగా వేయించమని" అంది కృపావతి నొచ్చుకుంటూ.

సింహాచలం గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "రాయకండి మేడమ్. రోగినైన దగ్గర్నుంచి రోజూ ఆపరేషన్లు ప్రశాంతంగా చేసుకుంటున్నాను. రిపోర్టులు అడగరు, లక్ష్యాలు చెప్పరు. రోగిని ఎవరూ మీటింగుకి పిలవరు."

పై అంతస్తులో సమావేశపు గంట మోగింది. ప్యూను వరండాలోంచి తొంగిచూసి, "మేడమ్, ఘనవిజయం మీద సమీక్ష. మీరు తప్పకుండా రావాలన్నారు" అని చెప్పి వెళ్లాడు.

కృపావతి కదల్లేదు. ఎర్రయ్య ఖాళీ చేసిన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆవిడ దాని వైపే చూస్తూ నిలబడింది, రెప్ప వేయకుండా.